భూమిలోకి కరెంటు పంపి నేల గట్టిదనం తెలుసుకోవచ్చునా?



మీలో చాలామంది దగ్గర భూసార పరీక్ష కార్డు వుండే వుంటుంది. ఆ కార్డు మీద నత్రజని, భాస్వరం, పొటాషులతో బాటు "ఇ.సి." అని ఒక అంకె వుంటుంది. ఇ.సి. అంటే విద్యుత్ వాహకత. మట్టి కలిపిన నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె అన్నమాట. ఉప్పు ఎక్కువగా వుంటే కరెంటు బాగా పారుతుంది, ఆ అంకె పెరుగుతుంది. చౌడు సంగతి తెలుసుకోవడానికి మేము దాన్ని చూస్తాము.

ఈ మధ్య కొందరు రైతులు నన్ను ఇంకొక ప్రశ్న అడుగుతున్నారు. "కరెంటు పంపి ఉప్పు తెలుసుకుంటున్నారు గదా, అదే కరెంటుతో నేల ఎంత గట్టిపడిందో కూడా చెప్పే పెట్టెలు వచ్చాయట, నిజమేనా?" అని. నిజమే, వచ్చాయి. కాని ఆ పెట్టె మాట ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ దాన్ని పక్కన బెట్టి పార చేతబట్టాలి అన్నది తెలియకపోతే మేలుకు బదులు కీడే జరుగుతుంది. నేను డిప్లొమా చదివి పల్లెల్లో తిరుగుతున్న విస్తరణాధికారిని. పెద్ద పరిశోధకుణ్ణి కాను. అయినా ఈ విషయంలో ఒకసారి పొరబడి, ఒక రైతుకు నష్టం తెచ్చి, అందుమీదట నేర్చుకున్నవాణ్ణి. ఆ నేర్చుకున్నది మీ ముందు పెడతాను.

ముందుగా, నేల గట్టిపడటం అంటే ఏమిటో చూద్దాము. మన పెద్దలు కుంచంతో ధాన్యం కొలిచేవారు. వదులుగా పోసి కొలిస్తే ఒక లెక్క, కుదిపి అదిమి కొలిస్తే ఇంకొక లెక్క. కుంచం అదే, గింజలు అవే. అదిమినప్పుడు గింజల మధ్య ఖాళీ తగ్గి ఎక్కువ గింజలు పట్టాయి, బరువు పెరిగింది. నేల కూడా అంతే. ఒక ఘన సెంటీమీటరు చోటులో ఎన్ని గ్రాముల ఎండుమట్టి వున్నదో, ఆ అంకెను స్థూల సాంద్రత అంటారు. మట్టి రేణువు బరువు, మధ్యలో ఖాళీ లేకుండా చూస్తే, ఘన సెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములు. నేల సాంద్రత 1.25 అయితే అందులో 53 వంతులు ఖాళీ, అంటే నూటికి సగానికి పైగా గాలీ నీరూ నిలిచే చోటు. అదే నేల 1.50 దాకా నొక్కుకుపోతే ఖాళీ 43 వంతులకు దిగుతుంది. తగ్గింది పది వంతులే గదా అనుకోకండి. ముందుగా పోయేవి పెద్ద పెద్ద సందులే. వేరు దూరేదీ, వాననీరు దిగేదీ, గాలి ఆడేదీ వాటిలోనే.

అయితే అన్ని నేలలకూ ఒకటే హద్దు లేదు. బాగా బంకగా వుండే నల్లనేలలో సాంద్రత 1.4కి వచ్చేసరికే వేరు ఇబ్బంది పడుతుంది, 1.47 దాటితే దాదాపు ఆగిపోతుంది. ఇసుక నేలలో 1.6 వున్నా ఏమీ కాదు, 1.8 దాటితేనే వేరు నిలబడుతుంది. కాబట్టి "మా నేల 1.6 వచ్చింది, మంచిదా చెడ్డదా?" అని అడిగితే, "మీది ఏ నేల?" అని నేను తిరిగి అడగవలసి వస్తుంది.

డెల్టా పొలాల్లో ఈ గట్టిపొర ఎక్కువగా ఆరు అంగుళాల నుంచి తొమ్మిది అంగుళాల లోతున వుంటుంది. ఏటేటా దమ్ము చేస్తున్నాము. పైన మట్టి మెత్తని బురద అవుతుంది, దాని కింద ట్రాక్టరు చక్రాలూ, నాగలి అడుగూ తొక్కితొక్కి రాయిలాంటి పొర కడుతుంది. ఆరకముందే వరికోత యంత్రం దిగితే మరికాస్త బిగుస్తుంది. ఇక్కడ ఒక చిక్కు వుంది. వరికి ఆ పొర మిత్రుడు, ఎందుకంటే నీళ్ళు కిందికి పోకుండా పట్టి వుంచేది అదే. వరి తరువాత వేసే మొక్కజొన్నకూ, మినుముకూ అదే శత్రువు. వేరు అక్కడిదాకా దిగి, దారి లేక పక్కకు తిరుగుతుంది. ఎండ ముదిరేసరికి మొక్క వాడిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీనితో పని వున్నది.

ఇక కరెంటు సంగతి. ఎండిన మట్టిరేణువులో కరెంటు పారదు, గాలిలోనూ పారదు. మరి నేలలో పారేది ఎక్కడ? రేణువుల మధ్య సందుల్లో నీళ్ళుంటాయి, ఆ నీళ్ళలో కరిగిన లవణాలుంటాయి. ముఖ్యంగా అందులో పారుతుంది. బంకమట్టి రేణువుల పైచర్మం మీద అంటిపెట్టుకుని వుండే తేమ వెంట కూడా కొంత పారుతుంది. అందుకే ఉప్పు లేకపోయినా బంకనేల ఇసుకనేల కంటే కరెంటును బాగా పోనిస్తుంది.

ఇప్పుడు ఓ మోస్తరు తేమ వున్న నేలను నొక్కాము అనుకోండి. గాలి బయటికి పోతుంది. అక్కడొకటి ఇక్కడొకటిగా వున్న నీటిపొరలు దగ్గరికి జరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. తెగిన కాలువలు కలిసినట్లు కరెంటుకు దారి ఏర్పడుతుంది. అందుచేత, తక్కినవన్నీ సమానంగా వుంటే, గట్టిపడిన నేలలో కరెంటు ఎక్కువగా పారుతుంది. కరెంటుతో గట్టిదనం తెలుసుకోవచ్చు అన్న మాటకు ఆధారం ఇదే. మాట అబద్ధం కాదు. కాని "తక్కినవన్నీ సమానంగా వుంటే" అన్నాను చూశారా, ఆ మాట దగ్గరే వున్నది తంటా అంతా.

నలుగురు మోస్తున్న పల్లకి కదిలింది. ముందున్నవాడు ఒక్కడే మోశాడంటే ఒప్పుకుంటామా? పెట్టె చూపించే అంకెను తేమ, ఉప్పు, బంక, గట్టిదనం నాలుగూ కలిసి మోస్తాయి. పైగా ఎండ కూడా ఒక చెయ్యి వేస్తుంది. నేల వేడి ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ పెరిగితే కరెంటు పారుదల నూటికి సుమారు 2 వంతులు పెరుగుతుంది. తెల్లవారి 25 డిగ్రీలున్న నేల మధ్యాహ్నానికి 35 అయితే, నేలలో ఏ మార్పూ లేకుండానే అంకె నూటికి 20 వంతులు పెరిగి కూర్చుంటుంది. ఇంకా విచిత్రం, నీరు నిండుగా వున్న నేలలో లెక్క తిరగబడుతుంది. అక్కడ తోలడానికి గాలి లేదు, నొక్కితే నీరే బయటికి పోతుంది. నీరు తగ్గితే అంకె పడిపోతుంది. కనుక దమ్ములో వున్న పొలంలో ఈ పరీక్ష చేసి గట్టిదనం చెప్పడం కుదరదు.

మరొక మాట. మీ కార్డు మీద వున్న ఇ.సి. చూసి గట్టిదనం ఊహించబోకండి. ఆ పరీక్షకు మట్టిని ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి నీళ్ళలో కలుపుతారు. దంచిన మట్టిలో పొలంలోని బిగువు ఎక్కడ మిగిలి వుంటుంది? గట్టిదనం గురించి ఏమైనా తెలియాలంటే కదపని నేలలో, వున్నది వున్నట్లుగా కొలవాలి.

పొలంలో కొలిచే పద్ధతి ఇలా వుంటుంది. నాలుగు ఇనుప చువ్వలను ఒకే వరుసలో సమాన దూరంలో గుచ్చుతారు. చివరి రెండు చువ్వల నుంచి కరెంటు పంపుతారు. నడిమి రెండు చువ్వల మధ్య ఎంత వోల్టేజి వచ్చిందో చూస్తారు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే అడ్డగింపు ఎన్ని ఓములో తెలుస్తుంది. టార్చిలైటు బ్యాటరీలా ఒకే దిక్కున పారే కరెంటయితే చువ్వల దగ్గర రసాయనిక మార్పులు జరిగి అంకె తప్పుతుంది. అందుకని దిక్కు మార్చుకుంటూ పారే కరెంటును వాడతారు.

రెండు చువ్వలు చాలవా అంటే, చాలవు. 1897లో అమెరికా వ్యవసాయశాఖలో మిల్టన్ విట్నీ, ఆయన సహచరులు నేలలో తేమ కొలవడానికి ఇలాంటి కరెంటు పద్ధతినే ప్రచురించారు. చువ్వకూ మట్టికీ అంటు సరిగా లేనిచోట అంకె మారిపోయేది. నేలలోని లవణాలు మరీ చికాకు పెట్టేవి. తేమ కోసం పుట్టిన పద్ధతి కాస్తా చివరికి లవణాల పరీక్షకు అక్కరకు వచ్చింది. 1915లో అక్కడి ప్రమాణాల సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ వెన్నర్ నాలుగు చువ్వల పద్ధతిని లెక్కతో సహా వివరించాడు. దానితో అంటు లోపం చాలావరకు తీరింది. లవణాల చికాకు మాత్రం తీరలేదు, ఈనాటికీ తీరలేదు. ఒకటి కొలవబోతే ఇంకొకటి అడ్డం వస్తుందన్న పాఠం ఆ నాటిదే.

లెక్క కష్టమేమీ కాదు. చువ్వకూ చువ్వకూ 20 సెంటీమీటర్ల దూరం పెట్టాము, 30 ఓములు వచ్చిందనుకోండి. 6.28ని 0.20 మీటరుతో, ఆపైన 30తో హెచ్చవేస్తే 37.7 వస్తుంది. ఒకటిని 37.7తో భాగించి, పదితో హెచ్చిస్తే 0.27. ఇదే ఆ చోట నేల వాహకత, మీటరుకు 0.27 డెసీసీమెన్సులు. చువ్వల మధ్య దూరం ఎంతో సుమారు అంత లోతు వరకు వున్న నేల సంగతి ఈ అంకెలో కలిసి వుంటుంది. దూరం పెంచితే లోతు పెరుగుతుంది. అంతేగాని ఆరు అంగుళాల కింద వున్న పొరను మాత్రమే విడదీసి చూపించదు, పైదీ కిందదీ కలిపి చూపిస్తుంది.

ఇక నా పొరపాటు కథ చెబుతాను. కాలువ చివరి గ్రామంలో ఒక పెద్దాయన పొలం. సార్వా వరి, తరువాత మొక్కజొన్న. పొలంలో తూర్పు పక్క ఇరవై సెంట్ల మేర మొక్క ఎదగక, ఆకు అంచులు మాడి గిడసబారిపోయింది. నాకు అప్పుడే కొత్తగా ఆ పెట్టె చేతికి వచ్చింది. ఉత్సాహం మీద వున్నాను. చువ్వలు గుచ్చి చూస్తే తూర్పు పక్క అంకె పడమటి పక్కకు రెట్టింపు వచ్చింది. "బాబాయి గారూ, ఇక్కడ నేల బిగుసుకుపోయింది. ఎండాకాలం సబ్‌సాయిలరు వేయించండి" అని చెప్పి వచ్చాను. పార పెట్టి ఒక్క అడుగు తవ్వి చూడలేదు. ఆయన నా మాట మీద అప్పు తెచ్చి, అచ్చటచ్చట ఎందుకని పొలమంతా లోతుగా చీల్పించాడు.

తరువాత సార్వాకు నీళ్ళు పెడితే మడిలో నిలబడలేదు. పొద్దున పెట్టిన నీరు సాయంత్రానికి ఇంకిపోయేది. అసలే కాలువ చివర, వంతు వచ్చినప్పుడే నీరు. ఆయన డీజిలు ఇంజను బాడుగకు తెచ్చి మురుగుకాలువ నీళ్ళు తోడుకోవలసి వచ్చింది. ఆ మీదట మొక్కజొన్న వేస్తే తూర్పు పక్క మళ్ళీ మాడింది, ఈసారి ఇరవై సెంట్లు కాదు, ముప్పయి.

నేను వెళ్ళి గట్టు మీద నిలబడితే ఆయన కేకలు వేయలేదు. "ఏమయ్యా ఆఫీసరూ, నీ పెట్టె నా పొలంలో మట్టి చేత్తో పట్టి చూసిందా?" అన్నాడు అంతే. పార తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఇద్దరం తవ్వాము. తూర్పు పక్క చీల్చిన గాళ్ళకు దూరంగా, గట్టు మొదట కదలని నేల వుంటే అక్కడ తవ్వి చూశాము. తేమగా, మెత్తగా పార దిగింది. తవ్విన అంచు ఆరిన చోట తెల్లని పొడి పూసింది. పాల చౌడు! ఉప్పు వల్ల అంకె పెరిగితే నేను గట్టిదనం అనుకున్నాను. పడమటి గట్టు వెంట తవ్వితే, ఏడంగుళాల లోతున పార ఖంగుమన్నది. గట్టిపొర అక్కడ వుంది. పొడిగా వుంది కాబట్టి కరెంటు పారక పెట్టె తక్కువ చూపించింది. జబ్బు లేనిచోట జబ్బు వుందన్నాను, వున్నచోట లేదన్నాను. వరికి నీరు పట్టే ఆ కాస్త అడుగునూ చీల్పించేశాను.

తప్పు పెట్టెది కాదు. అది అడిగిన దానికి సరిగానే జవాబు చెప్పింది. "ఇక్కడ కరెంటు ఎంత పారుతుంది?" అన్నదే దాన్ని మనం అడిగే ప్రశ్న. "ఎందుకు పారుతుంది?" అన్నదానికి జవాబు మట్టిలో వుంటుంది, తవ్వితేగాని రాదు.

మరి ఇప్పుడు నేను ఎలా చేస్తున్నాను? క్రమంగా చెబుతాను.

మొదటిది, సమయం. మంచి తడి ఇచ్చాక, లేదా వాన పడ్డాక, రెండు మూడు రోజులు ఆగాలి. అదనపు నీరు దిగిపోయి పొలమంతా ఇంచుమించు ఒకే తేమలో వుంటుంది. పొలమంతా ఒకే రోజు, ఒకే పూట కొలవాలి. ఉదయం మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించాలి.

రెండవది, అడుగులు. పది పది మీటర్లకు ఒకచోట చొప్పున పొలమంతా కొలిచి, కాగితం మీద పొలం పటం గీసి అంకెలు వేసుకోవాలి. ఒక్కచోట అంకెకు విలువ లేదు. ఎక్కడ హెచ్చు, ఎక్కడ తగ్గు, ఎక్కడ సమానం అన్నదే మనకు కావలసింది.

మూడవది, పార. అంకె హెచ్చుగా వున్నచోట ఒకటి, తగ్గుగా వున్నచోట ఒకటి, నడిమిరకంగా వున్నచోట ఒకటి, మూడు గుంటలు అడుగున్నర లోతు తవ్వాలి. గుంట గోడలో వేళ్ళు చూడండి. నిటారుగా దిగాయా, ఒక లోతుకు వచ్చి పక్కకు వంగాయా? వంగితే అక్కడ పొర వున్నట్లే. చాకుమొనతో పైనుంచి కిందికి గుచ్చుకుంటూ రండి, పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చేతికే తెలుస్తుంది.

నాలుగవది, గొట్టం. సాంద్రతకు అసలు కొలత ఇదే. 7 సెంటీమీటర్ల లోవ్యాసం, 7 సెంటీమీటర్ల ఎత్తు వున్న ఇనుప గొట్టం ముక్కకు ఒక అంచు పదును పెట్టించండి. లోపల పట్టే చోటు 269 ఘన సెంటీమీటర్లు. అనుమానం వున్న లోతుకు మట్టి చదును చేసి, గొట్టం మీద చెక్కముక్క పెట్టి మెల్లగా దిగగొట్టాలి. చుట్టూ తవ్వి, మట్టి చెదరకుండా తీసి, రెండు అంచులూ చాకుతో సమంగా కోయాలి. ఆ మట్టిని సంచిలో మూతిగట్టి ప్రయోగశాలకు ఇస్తే 105 డిగ్రీల వేడిలో 24 గంటలు ఆరబెట్టి తూస్తారు. ఇంట్లో చూసుకోవాలంటే పెనం మీద సన్నని సెగన బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టుకోవచ్చు, ఉజ్జాయింపుగా సరిపోతుంది.

ఉదాహరణకు పచ్చిమట్టి 500 గ్రాములు, ఆరాక 404 గ్రాములు వచ్చిందనుకోండి. 404ను 269తో భాగిస్తే 1.50. బంకనేల అయితే ఇది గట్టిపొరే. ఎండిపోయిన నీరు 96 గ్రాములు, అంటే ఎండుమట్టిలో నూటికి 24 వంతుల తేమ. ఇంకొకచోట ఎండుమట్టి 336 గ్రాములే వస్తే సాంద్రత 1.25, వేరుకు ఇబ్బంది లేదు. ఒక్క జాగ్రత్త. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. అందుకని అన్ని గుంటల్లోనూ ఒకే తేమ వున్న రోజున తీసిన మట్టినే ఒకదానితో ఒకటి పోల్చాలి.

అయిదవది, ఉప్పు. అవే గుంటల మట్టిని విడిగా లవణ పరీక్షకు పంపాలి. నిండా తడిపిన మట్టిముద్ద నుంచి పిండిన నీటిలో ఇ.సి. 4 డెసీసీమెన్సులు దాటితే చౌడు అన్న హద్దు, 1954లో అమెరికాలోని రివర్‌సైడు లవణ ప్రయోగశాల ప్రచురించిన చేతిపుస్తకం ద్వారా వాడుకలోకి వచ్చి నేటికీ నిలిచి వుంది. కార్డు మీది ఇ.సి.కి మట్టిలో నీళ్ళు ఎక్కువ కలుపుతారు, కనుక ఆ అంకె చిన్నదిగా వుంటుంది. ఈ రెంటినీ, చువ్వలతో వచ్చిన అంకెనూ ఒకదానికొకటి పోల్చి చిక్కుల్లో పడకండి. ఏ పరీక్ష హద్దు ఆ పరీక్షదే.

ఇప్పుడు తీర్పు చెప్పవచ్చు. చువ్వల అంకె హెచ్చు, ఉప్పు కూడా హెచ్చు అయితే జబ్బు చౌడు. అక్కడ సబ్‌సాయిలరు వేసి లాభం లేదు. పాల చౌడు అయితే గట్లు వేసి మంచినీరు నిలగట్టి ఉప్పును కిందికి దింపి, మురుగు బయటికి పోయే దారి చూడాలి. కారు చౌడు అయితే పరీక్షను బట్టి జిప్సం వేయాలి. పాల చౌడుకు జిప్సం కొనడం దండగ. చువ్వల అంకె హెచ్చు, ఉప్పు మామూలు, సాంద్రత హెచ్చు అయితే గట్టిపొర అని నమ్మవచ్చు. ఉప్పు, సాంద్రత రెండూ మామూలుగా వుండి చువ్వల అంకె మాత్రం హెచ్చయితే, ఆ చోట బంక ఎక్కువో, ఊట వల్ల తేమ ఎక్కువో అయివుంటుంది. చువ్వల అంకె తగ్గుగా వున్నచోట కూడా గొట్టం పెట్టి చూడకుండా "ఇక్కడ ఏమీ లేదు" అనకండి. నాకు పడమటి గట్టు నేర్పిన పాఠం అది.

గట్టిపొర అని తేలాక కూడా తొందరపడి చీల్చవద్దు. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆ పొలంలో ఏటా వరి వేసేటట్లయితే, పొరను పగలగొడితే నీరు నిలవదు. కాలువ మొదట వున్న పొలానికి అది కొంత ఓర్చుకోదగిన నష్టం, చివర వున్న పొలానికి పెద్ద దెబ్బ. వరి మానుకుని ఆరుతడి పంటలకో, చెరకుకో, తోటకో మారదలచుకున్నప్పుడు చీల్చడం వేరు సంగతి. చీల్చితే నేల పొడిగా వున్నప్పుడే చీల్చాలి, అప్పుడే పొర పెళ్ళలుగా పగులుతుంది. తేమలో చీల్చితే కత్తి వెన్నలో దిగినట్లు దిగి, గాడి పక్కలు నున్నగా మెత్తుకుపోయి మరింత బిగుస్తాయి. పొర అడుగుకు రెండు మూడు అంగుళాలు దిగువగా పోతే చాలు. అంతకంటే లోతు పోతే డీజిలు ఖర్చే. చీల్చిన తరువాత అదే తడినేలలో బరువైన యంత్రాలు దింపితే చేసిన ఖర్చు నీళ్ళపాలు. జనుము, జీలుగ వంటి పచ్చిరొట్టలు వేసి కలియదున్నితే పైనేల గుల్లగా నిలుస్తుంది.

"అయితే ఆ పెట్టె ఎందుకు? పారే చాలదా?" అని మీరు అడగవచ్చు. రెండెకరాల పొలానికి, సొంత నేల నడత చిన్ననాటి నుంచి తెలిసిన రైతుకు, పారా ఒక ఇనుపచువ్వా చాలవచ్చు. వేలి లావు చువ్వను తడినేలలో చేత్తో నొక్కుకుంటూ పోతే పొర తగిలిన చోట ఆగుతుంది. దానికే గడియారం వంటి సూచిక బిగించిన పరికరాలూ వున్నాయి. వాటిలో చదరపు అంగుళానికి 300 పౌండ్ల ఒత్తిడి దాటితే వేరు దిగడం కష్టమని లెక్క. కాని యాభై ఎకరాలలో ఎన్ని గుంటలు తవ్వుతాము? అక్కడ కరెంటు పెట్టె పొలాన్ని తరగతులుగా విడదీసి, "ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి తవ్వు చాలు" అని చూపిస్తుంది. రెండు వందల గుంటల పని పది గుంటలకు వస్తుంది. 1980 ప్రాంతంలో కెనడాలో వచ్చిన ఇ.ఎం.38 అనే పరికరానికైతే చువ్వలు కూడా గుచ్చనక్కర లేదు. నేల మీద పట్టుకుని నడిస్తే చాలు. అమెరికాలో ట్రాక్టరు వెనక లాగే చక్రాల పరికరాలూ వున్నాయి. అవన్నీ కొలిచేది వాహకతనే, గట్టిదనాన్ని కాదు.

రోడ్లూ, చెరువు కట్టలూ వేసే ఇంజనీర్లు మాత్రం కరెంటుతోనే మట్టి సాంద్రత చెప్పే పరికరాలను వాడుతున్నారు, వాటికి ప్రమాణాలు కూడా ఏర్పడ్డాయి. వాళ్ళకు ఎలా కుదిరింది? వాళ్ళు ఒకే గోతి నుంచి తెచ్చిన ఒకే మట్టిని, తేమ చూసుకుంటూ, పొరలుగా పరచి రోలరుతో తొక్కిస్తారు. మట్టి అంతా ఒకటే, తేమ ఎంతో తెలుసు. ఇక మిగిలింది గట్టిదనమే. అయినా సరే, ప్రతి కొత్త మట్టికీ ముందు మామూలు పద్ధతిలో తవ్వి, తూచి, పరికరానికి ఆ మట్టి నడత నేర్పిన తరువాతనే దాని మాట నమ్ముతారు. ఒకే మట్టితో పనిచేసేవాళ్ళే ముందు తూచి చూస్తుంటే, గజానికొక రకంగా మారే మన పొలంలో తూచకుండా ఎలా నమ్ముతాము?

కాబట్టి రైతు సోదరులారా, ఎవరైనా పరికరం పట్టుకుని మీ పొలానికి వచ్చి, పది నిముషాల్లో "మీ నేల గట్టిపడింది" అని చెబితే, అది నేనైనా సరే, మూడు ప్రశ్నలు అడగండి. తవ్వి చూశారా? ఎండుమట్టి తూచారా? ఉప్పు పరీక్ష చేశారా? మూడింటికీ జవాబు వచ్చేదాకా ట్రాక్టరుకు బాడుగ ఇవ్వకండి, జిప్సం బస్తా కొనకండి.

ఆ పెద్దాయన పొలం సంగతి అడుగుతారేమో. తూర్పు పక్క గట్లు బలం చేసి, మురుగు బోదె లోతు చేసి, కాలువ నీరు వచ్చినప్పుడల్లా నిలగట్టి వదులుతున్నాము. దమ్ములు చేయగా చేయగా మడి అడుగు కొంత కుదుటబడి, నీరు మునుపటికంటే నయంగా నిలుస్తున్నది. చౌడు ఇంకా పూర్తిగా పోలేదు, రెండు మూడేళ్ళ పని అది. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన ముందుగా పార చేతికిచ్చి, తరువాతే పెట్టె తెరవనిస్తున్నాడు. ఇప్పుడు నేను తిరిగే ఊళ్ళన్నిటిలోనూ అదే పద్ధతి పెట్టుకున్నాను.